మాంగనీసు కొసరు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి ఉదయ్ కుమార్ తన ఆఫీసులో ఏడవడం మొదలుపెట్టాడు. పన్నెండు నలభై రెండుకి ఆపేసి, బెల్లు కొట్టి సమోసాలు తెప్పించాడు.

డిటెక్టివ్ మనోరమ ఆ రెండు సమయాలూ డైరీలో రాసుకుంది. పద్దెనిమిదేళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి, ఆ తర్వాత చిక్కడపల్లిలో జిరాక్స్ షాపు మీది గదిలో ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. ఎవరు ఏం చెప్పారన్నది తర్వాత, ఎన్నింటికి చెప్పారన్నది ముందు. ఇది ఆమె పద్ధతి.

"కిషన్ రావు సారు నాకు తండ్రి లెక్క మేడం," అన్నాడు ఉదయ్ కుమార్ సమోసా మూల కొరుకుతూ. టేబుల్ అద్దం కింద ఉన్న కిషన్ రావు ఫోటో మీద ఆకుపచ్చ చట్నీ చుక్క ఒకటి పడింది. దాన్ని వేలితో తుడిచి, ఆ వేలు నాక్కున్నాడు.

మనోరమ తన ప్లేటును మెల్లగా అటు జరిపేసింది.

తండ్రి లెక్కైన ఆ మనిషి డెబ్భై ఒక్కేళ్ల రిటైర్డ్ సైంటిస్టు. బుధవారం సాయంత్రం ఆరూ పదిహేనుకి, అశోక్‌నగర్‌లో కిరాయికి తీసుకున్న ల్యాబులో, మంటల్లో చనిపోయాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఒకటే లోహం వెంట పడ్డాడు. లాంథనం, నికెల్ కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద హైడ్రోజన్‌ని స్పాంజిలా పీల్చుకుని, అడిగినప్పుడు వదులుతుంది. రీచార్జి బ్యాటరీలో అసలు పని దానిదే. కానీ ఉత్త ఆ రెండే అయితే, పీల్చినప్పుడల్లా ఉబ్బి, వదిలినప్పుడల్లా కుంగి, కొన్నాళ్లకే పొడి పొడి అయిపోతుంది. అలా కాకుండా చిటికెడు మాంగనీసు, చిటికెడు అల్యూమినియం, చిటికెడు కోబాల్టు పడాలి. చారులో ఇంగువ లాంటి వ్యవహారం. ఏ చిటికెడు ఎంత అన్నదే ఆయన బతుకంతా. ఆ పాళ్లు రాసిన తొమ్మిదో నోటుబుక్కు మంటల తర్వాత కనిపించలేదు.

ల్యాబుకి పెట్టుబడి పెట్టింది ఉదయ్ కుమారే. నారాయణగూడలో అతనికి ఎమర్జెన్సీ లైట్ల కంపెనీ ఉంది. పదకొండేళ్లుగా ల్యాబులో లోహం కరిగించే భట్టీ నడిపిన విజయశ్రీ నోటుబుక్కూ, కొత్త ముద్దా దొంగిలించి, ముసలాయన్ని తగలబెట్టిందని కంప్లైంటు ఇచ్చింది కూడా అతనే.

"బుధవారం ల్యాబుకి ఎన్నింటికి పోయిన్రు?" అడిగింది మనోరమ.

"ఐదున్నరకు. కిటికీల నుంచి చూసిన. విజయశ్రీ ఒక్కతే ఉన్నది. భట్టీ నడుస్తున్నది, ఆ తెల్ల వెలుగు కనబడ్డది. ముద్ద తీసి బ్యాగుల ఏసుకున్నది. నేను ఐదు యాభైకి వాపస్ వచ్చిన."

"ఇరవై నిమిషాలు కిటికీ కాడ నిలబడ్డరా?"

"అనుమానం వచ్చింది గద మేడం."

"అనుమానం వచ్చి, లోపలికి పోకుంట, ఇంటికి పోయిన్రు."

"ఆడమనిషి ఒక్కతే ఉన్న చోటికి ఎట్ల పోత? నేను మర్యాదస్తుణ్ని."

మనోరమ 'మర్యాదస్తుడు' అని రాసుకుని, కింద గీత గీసింది.

"కోబాల్టు మీద మీకూ సారుకూ గొడవయిందట?"

"గొడవ గాదు, డిస్కషన్. గంత పిరమైన లోహం గీ లైట్లల్ల ఎందుకన్న. అది లేకున్నా బ్యాటరీ ఏడాది నడుస్తది. మన వారంటీ ఏడాదే. సారు వినలే, సంతకం పెట్టనన్నడు."

"మీ లైట్లు ఆసుపత్రుల్ల గూడ పెడతరు గద? ఆపరేషన్ నడుస్తుంటే కరెంటు పోయి, మీ లైటు గూడ ఆగిపోతే?"

"ఏడాది దాటితే కొత్తవి కొనాలె," అన్నాడు ఉదయ్ కుమార్. నవ్వాడు కూడా. పళ్ల మధ్య కొత్తిమీర ఆకు ఇరుక్కుని ఉంది. "పని ఆగొద్దని ముషీరాబాద్ షెడ్డుల మా సొంత భట్టీ నిన్ననే బిగించినం. సోమవారం కొనేటోళ్లు వస్తున్నరు, ఒక మంచి ముద్ద చూపియ్యాలె."

"నిన్న సారు దహనం గద?"

"అది మధ్యాహ్నం మేడం. పొద్దున ఖాళీయే."

ఇక అడగాల్సిందేమీ లేదు. మనోరమ లేచి నిలబడింది. మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోతే సరిపోయేది. కానీ ఆ కొత్తిమీర ఆకు అలా నవ్వుతుంటే ఒక్క మాట అనకుండా ఉండలేకపోయింది.

"నోటుబుక్కు ఎత్తుకపోయినోడు ఎవడో గానీ, పాపం సగమే ఎత్తుకపోయిండు ఉదయ్ కుమార్ గారూ. మిగతా సగం విజయశ్రీ చేతుల ఉన్నది. అది ఎవని తరం గాదు."

నోటి దాకా వచ్చిన రెండో సమోసా అక్కడే ఆగిపోయింది. మనోరమకు చాలా హాయిగా అనిపించింది. మెట్ల మీద నిలబడి మరీ రాసుకుంది: 'ఒంటి గంటా ఐదు. సమోసా ఆగింది.'

ఆ 'మిగతా సగం' సంగతి ఆమెకు ఆ పొద్దున పదకొండింటికి స్టేషన్‌లో తెలిసింది. విజయశ్రీ ఆమె పాత స్టూడెంటే. పోలీసులు పట్టుకుపోయేటప్పుడు ఒక్క ఫోనే చేసుకోనిస్తే, ఆ ఒక్కటీ మనోరమకే చేసింది. నలభైకి దగ్గర పడిన మనిషి. ఎంత రుద్దినా పోని బూడిద రంగు గోళ్ల సందుల్లో. బెంచీ చివర, ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు కూర్చుంది.

"సాయంత్రం ఐదింటికి అరెస్టు సూపెట్టి పేపరోళ్లను పిలుస్తరంట మేడం," అంది. "నా బిడ్డ పదో తరగతి. రేపు పేపర్ల నా ఫోటో చూసినంక అది బడికి ఎట్ల పోతది?"

"ఐదు కాకముందే నేను వస్త. నువ్వు పని ఎట్ల చేస్తవో చెప్పు. మొదటి నుంచి చెప్పు."

పని అనగానే విజయశ్రీ బెంచీ మీద ముందుకు జరిగింది. "మొదలు నీళ్లు. భట్టీల రాగిపళ్లెం ఉంటది, దాని కింద నీళ్లు పారుతుండాలె. నీళ్లు లేకుంటే ముద్దతో పాటు పళ్లెం గూడ కరుగుతది. రెండోది, మూల గుంటల టైటానియం బిళ్ల పెట్టి ముందు దాన్ని కరిగిస్త. లోపల మిగిలిన గాలిని అది తినేస్తది. తర్వాతనే మన ముద్ద. మూడోది మాంగనీసు. నోటుబుక్కుల రాసినంతే ఏస్తే, ఆ వేడికి కొంత ఆవిరై పోయి ముద్దల తక్కువ పడతది. గందుకే జర కొసరు ఏస్త."

"ఎంత కొసరు?"

"ముక్క రంగు చూసి, చేతుల బరువు చూసి ఏస్త."

"నోటుబుక్కుల ఎందుకు రాయలేదు?"

విజయశ్రీ ఆ రోజు మొదటిసారి నవ్వినట్టు నవ్వింది. "కూరగాయల బండి కాడ కొసరు ఎవరన్న రాసుకుంటరా మేడం?"

"మరి మీ ఇంట్ల దొరికిన ముద్ద సీసా?"

"బుధవారం సారు పోయినంక ఉదయ్ కుమార్ సారు మా ఇంటికొచ్చి ఓదార్చిండు. సల్లని నీళ్లు కావాలంటే పక్కింటి ఫ్రిజ్ కాడికి పోయిన. తెల్లారి ఏడింటికి ఆయన పెట్టుకున్న డిటెక్టివ్ ఫణికిరణ్ సారు పోలీసులను తీసుకొని వచ్చిండు. నేరుగ బియ్యం డబ్బల చెయ్యి పెట్టిండు మేడం. పప్పు డబ్బ దిక్కు సూడను గూడ సూడలే."

ఇదీ పొద్దున జరిగింది.

మూడూ నలభైకి మనోరమ అశోక్‌నగర్ ల్యాబు ముందుంది. కాపలా కానిస్టేబుల్ ఎల్లేశం సీలు విప్పి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని తలుపు తీశాడు. ఇంటి ఓనరు దుర్గమ్మ కొంగు దోపుకుని వెనకే వచ్చింది. ఆమె ఇంట్లో పై రెండంతస్తులు పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు, కింది వాటా ల్యాబు.

లోపల కాలిన రబ్బరు వాసన. దానికింద ఇంకో వాసన. అదేమిటో మనోరమ ఆలోచించదలచుకోలేదు. గుమ్మం దగ్గర కిషన్ రావు చెప్పు ఒకటి నేలకు కరిగి అతుక్కుపోయి ఉంది. దాని మీద ఎవరో పోలీసాయన సిగరెట్ ఆర్పి వెళ్లాడు.

"థూ," అంది మనోరమ. ఆ పీకను కాగితంతో తీసి బయట పారేశాక గానీ పని మొదలుపెట్టలేదు.

గోడ షెల్ఫు పడిపోయింది. దాని మీదుండే సీసాల్లో హైడ్రోజన్ పట్టించిన లోహపు పొడి ఉండేది. అలాంటి పొడికి గాలి తగిలితే చాలు, అంటుకుంటుంది. మంట అక్కడి నుంచే లేచింది. కానీ షెల్ఫును పడగొట్టిందేమిటి?

భట్టీ మూత ఊడి దూరంగా పడి ఉంది. మనోరమ టార్చి వేసి లోపలికి వంగింది. రాగిపళ్లెంలో ఐదు గుంటలు. నడి గుంట కరిగి, రూపాయి బిళ్లంత చిల్లు పడింది. పళ్లెం కింద నిలిచిపోయిన కాసిని నీళ్లూ ఆ చిల్లులోంచి కరిగిన లోహానికి తగిలి, ఒక్కసారిగా ఆవిరై పేలి ఉండాలి. షెల్ఫు ఆ దెబ్బకే పడింది. ఇక మూల గుంట ఖాళీగా ఉంది. టైటానియం బిళ్లలన్నీ డ్రాయర్‌లో, పాత జర్దా డబ్బీలో, కొత్త పెళ్లివారి గిన్నెల్లా మెరుస్తూ ఉన్నాయి.

"దుర్గమ్మక్కా, బుధవారం ల్యాబుకు నీళ్లున్నయా?"

"యాడియి? నల్లా వచ్చేది మంగళారం, బేస్తారం, శనారం. నల్లా రాని దినం ల్యాబు లైను నేనే బందు పెడ్త. ఆ భట్టీ నడిస్తే నా ట్యాంకి ఒక్క పూటల తాగుతది. హాస్టలు పోరలు తానాలు ఏడ జేస్తరు?"

"విజయశ్రీకి తెలుసా?"

"పదకొండేండ్ల సంది తెలుసు. నీళ్లు లేని దినం అది ఈడ అగ్గిపుల్ల గూడ గీయది. బుధారం ఐదింటికే, సారు వాకింగుకు పోంగనే, నాకు చెప్పి పోయింది."

"మంటలు లేచినప్పుడు తలుపు తెరిచి ఉండెనా?"

దుర్గమ్మ తన కుడి అరచేయి చూపించింది. బొబ్బ మీద పసుపు. "బయట గొళ్లెం పెట్టి ఉండె. ఇనుము కాలిపోతుండె. నేనే తీసిన. సారు గుమ్మం కాడనే పడి ఉండె పాపం. తలుపు కొట్టీ కొట్టీ..." దుర్గమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఈ ముచ్చట పోలీసులకు చెప్పిన్రా?"

"అడిగితే గద చెప్పేది."

కాపలా ఎల్లేశం కప్పు వైపు చూడసాగాడు.

సరిగ్గా నాలుగింటికి, ముందు సెంటు వాసన వచ్చింది, దాని వెనకాల ఫణికిరణ్ వచ్చాడు. ఉదయ్ కుమార్ పెట్టుకున్న కార్పొరేట్ డిటెక్టివ్. చేతిలో ట్యాబు, బూట్లకు ప్లాస్టిక్ సంచులు. కాలిన గది వాసనలో ఆ సెంటు వాసన కలిసేసరికి మనోరమ రెండడుగులు వెనక్కి వేసింది.

"మనోరమ గారూ, ఇంకా బూడిద కెలుకుతున్నారా? నా కేసు నిన్ననే క్లోజ్. సీసాలో ఉన్నది కిషన్ రావు గారి మిశ్రమమే. టెస్టింగ్ రిపోర్టు వచ్చేసింది."

"రిపోర్టు చదివిన్రా?"

"కన్‌క్లూజన్ చదివాను."

"బియ్యం డబ్బ చూసి పప్పు డబ్బ వదిలేసినట్టు. ఇటియ్యండి."

ట్యాబు లాక్కుని, కళ్లజోడు పైకెత్తి చూసింది. ఇరవై సెకన్లు పట్టింది. ట్యాబు తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఫణికిరణ్ గారూ, కిషన్ రావు గారి పాత ముద్దల రిపోర్టులు నేను చూసిన. అన్నిట్ల మాంగనీసు నూటికి మూడు పాయింట్ ఎనిమిది. మీ సీసాల ఎంతున్నది?"

"మూడు పాయింట్ ఒకటి. అంత చిన్న తేడా..."

"చిన్న తేడాల కోసమే ఆయన ఇరవై రెండేండ్లు ఖర్చు పెట్టిండు. విజయశ్రీ కొసరు వేస్తది, అందుకని ఆమె ముద్దల పాళ్లు ఎప్పుడూ తప్పవు. ఇది చేసినోడు నోటుబుక్కు ముందల పెట్టుకుని, అక్షరం తప్పకుండ అంతే వేసిండు. టైటానియం వెయ్యలేదు, పుస్తకంల లేదు. నీళ్లు ఉన్నయా అని చూడలేదు, అదీ పుస్తకంల లేదు. బుధవారం ఐదున్నరకు ఇక్కడ భట్టీ నడిచిన మాట నిజమే. నడిపింది మాత్రం విజయశ్రీ గాదు. వాకింగు నుంచి వచ్చి చూసిన సారును లోపలనే ఉంచి, నడుస్తున్న భట్టీని అట్లనే వదిలి, బయట గొళ్లెం పెట్టింది గూడ వాడే."

"ఇది మీ ఊహ."

"ఇంకో లైను కిందికి రండి. కోబాల్టు ఎంత?"

ఫణికిరణ్ చూశాడు. మళ్లీ చూశాడు. "నిల్."

"దొంగతనం చేసేటోడు మంచి ముద్ద దొంగిలిస్తడు. కోబాల్టు దండగ, తీసేయాలె అని ఏడాది సంది ఆ ముసలాయన ప్రాణం తీసినోడు ఈ ఊర్ల ఒక్కడే. దొంగ సరుకు చేసేటప్పుడు గూడ పిసినారితనం పోలేదు వానికి. బియ్యం డబ్బ సంగతి మీకు ఎవరు చెప్పిన్రు?"

"సోర్స్ పేరు చెప్పకూడదు. ప్రొఫెషనల్ ఎథిక్స్."

"మీ సోర్స్ సమోసలు తింటడా?"

ఫణికిరణ్ నుదురు తుడుచుకున్నాడు. అతను హంతకుడు కాదు. హంతకుడు చూపించిన డబ్బాలో చెయ్యి పెట్టి, ఫోటో దిగి, ఫీజు తీసుకున్న మనిషి. మనోరమకు హంతకుల మీద కంటే ఇలాంటివాళ్ల మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది. హంతకుడు కనీసం ఏదో ఒక పని తన చేత్తో చేస్తాడు.

"సరే, మీరన్నదే నిజమనుకుందాం," అన్నాడతను గొంతు సవరించుకుని. "ఇప్పుడైతే ఆమెకు వచ్చిన ప్రమాదమేమీ లేదు. మూడింటికి ఉదయ్ కుమార్ గారు స్టేషన్‌కొచ్చి కంప్లైంటు వాపసు తీసుకున్నారు. అరెస్టు ఆగిపోయింది. ఆవిణ్ని తన కార్లోనే తీసుకెళ్లారు. హ్యుమానిటీ అంటే అదీ."

మనోరమ టార్చి ఆర్పేసింది.

"ఎక్కడికి?"

"ఇంటికే అయ్యుంటుంది."

"ఇంటికి గాదు," అంది దుర్గమ్మ గుమ్మంలోంచి. "ముషీరాబాద్ షెడ్డుకు. విజయశ్రీ నాకు ఫోన్ చేసింది గద. ఒక్క ముద్ద మంచిగ చేసిచ్చి, కొసరు ఎంతో చెప్తే కేసు మొత్తం మాఫు అన్నడంట. ఆడ బోరు ఎండిందంట. నీళ్లు లేకుంటే భట్టీ ముట్టనని మొండికేసిందంట. అక్కా, నీకు తెలిసిన ట్యాంకరు పంపియ్యి అన్నది. పంపిన."

"ఎన్నింటికి?"

"మూడున్నర. గాంధీనగర్‌ల మొగిలయ్య ట్యాంకరు. నేను చెప్తే గడియ ఆలస్యం చెయ్యడు." దుర్గమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. మనోరమ ముఖం చూశాక ఆ గర్వం ఆగిపోయింది. "ఏమయింది బిడ్డా? మంచి జరుగుతదనే పంపిన."

"ఫణికిరణ్ గారూ, కారు తియ్యండి."

"నా క్లయింట్ మీద..."

"బూట్ల సంచులు తర్వాత విప్పుకోండి, కారు తియ్యండి! ఎల్లేశమన్నా, ముషీరాబాద్ స్టేషన్‌కు ఫోన్ కొట్టు, షెడ్డుకు మనుషులను పంపమను. అక్కా, మొగిలయ్య నంబరు."

కారులో కూర్చుని అలవాటు కొద్దీ డైరీ తెరిచింది. నాలుగూ పన్నెండు. రాయబోతే పై లైను కంటబడింది. ఆమె దస్తూరీయే, చక్కగా, గుండ్రంగా. 'ఒంటి గంటా ఐదు. సమోసా ఆగింది.'

నోటుబుక్కు చాలదని ఉదయ్ కుమార్‌కు అప్పటిదాకా తెలియదు. తన ముద్ద సరైనదే అనుకుంటున్నాడు. మిగతా సగం ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో, వెళ్లి చెప్పి వచ్చింది ఎవరు? మూడింటికల్లా అతను స్టేషన్‌లో ఉన్నాడు. నీళ్లు లేనంతసేపు విజయశ్రీ భట్టీ ముట్టదు, కాబట్టి భయం లేదు. కొసరు చెప్పనంతసేపు కూడా భయం లేదు; చెప్పేశాక మాత్రం ఆమె అతనికి అక్కర్లేని సాక్షి. కానీ పని మాట ఎత్తితే ఆమె ఏదీ దాచుకోదు. పొద్దున బెంచీ మీద తనకు చెప్పినట్టే చెబుతుంది.

ఆ రోజంతా మనోరమకు చాలామందిని చూసి అసహ్యం వేసింది. ఇప్పుడు వేసింది వాటన్నిటి కంటే చేదుగా, బాగా దగ్గర్నుంచి వచ్చింది.

ఫోన్ నాలుగోసారి మోగాక మొగిలయ్య ఎత్తాడు.

"మొగిలయ్యా, దుర్గమ్మక్క మనిషిని. ముషీరాబాద్‌ల నీళ్లు పోసినవా?"

"పోసి ఇరవై నిమిషాలయింది అమ్మా. పైపు చుట్టుకుంటున్న. మస్తు నీళ్లున్నయ్, పరేషాన్ గాకుండ్రి."

"లోపల ఎవరున్నరు?"

"ఆ అక్క ఒక్కతే ఉన్నది. ఏదో మిషన్ ముందల నిలబడ్డది, కిటికీల తెల్లగ మెరుస్తున్నది." ఆగాడు. ఏదో చూస్తున్నట్టుంది. "సారు ఇప్పుడే బయటికొచ్చిండు. ఏందో చీటీ జేబుల పెట్టుకుంటున్నడు..."

"ఆయన ఏం చేస్తున్నడు మొగిలయ్యా? చూసి చెప్పు!"

"ఏం లేదమ్మా," అన్నాడు మొగిలయ్య. "తలుపు దగ్గరికేసి, బయట గొళ్లెం పెడుతున్నడు."